విదేశంలో ఫిజియోథెరపిస్టుగా గుర్తింపు పొందడం ఎలా: విజయవాడ, గుంటూరు పట్టభద్రులకు

విజయవాడలోనో గుంటూరులోనో బి.పి.టి. (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తి చేసి విదేశంలో స్థిరపడదలచినవారు అన్నింటికంటే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. మిమ్మల్ని ఆ దేశంలో ఉండనివ్వాలా వద్దా అన్నది అక్కడి వలసల శాఖ తేలుస్తుంది. అక్కడి రోగికి మీరు చికిత్స చేయవచ్చా లేదా అన్నది వేరొక సంస్థ తేలుస్తుంది. ఒకరు సరేనన్నంత మాత్రాన రెండోవారు సరేననాలన్న నియమం ఏమీ లేదు. కెనడా శాశ్వత నివాసం కోసం డబ్ల్యు.ఇ.ఎస్. వంటి సంస్థ నుంచి తెప్పించుకునే విద్యార్హత నివేదిక పాయింట్ల లెక్కకు ఉపయోగపడుతుందే తప్ప, దాన్ని చూపించి ఏ క్లినిక్‌లోనూ ఫిజియోథెరపిస్టుగా చేరలేరు. ఈ తేడా తెలియక వీసా చేతికి రాగానే ఉద్యోగం వదిలేసి, సామాను సర్దుకుని వెళ్లి, అక్కడ దిగాక కాగితాల కోసం ఇక్కడి బంధువులను కాలేజీ చుట్టూ తిప్పేవారు ఎందరో ఉన్నారు. అందుచేత ఈ వ్యాసంలో చెప్పే పనుల్లో ఎక్కువ భాగం మీరు ఇంకా ఊళ్లో ఉండగానే, కాలేజీలో మిమ్మల్ని గుర్తుపట్టే అధ్యాపకులు ఉండగానే పూర్తి చేయవలసినవి.

ముందుగా దేశాన్ని, అక్కడి నియంత్రణ సంస్థను తేల్చుకోండి

ఒకేసారి నాలుగు దేశాలకు ప్రయత్నించడం వల్ల డబ్బు నాలుగు చోట్ల ఖర్చవడమే గాని పని త్వరగా జరగదు. ఒక్కొక్క దేశం ఒక్కొక్క విషయాన్ని పట్టి చూస్తుంది కాబట్టి, మీ చదువు, అనుభవం, కుటుంబ పరిస్థితి దేనికి సరిపోతాయో చూసుకుని ఒకదాన్ని ఎంచుకోండి.

బ్రిటన్‌లో ఈ పని హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్‌ది. దాన్నే హెచ్.సి.పి.సి. అంటారు. అక్కడ ఫిజియోథెరపిస్టు అన్న పేరుకు చట్టరక్షణ ఉంది. రిజిస్టర్‌లో లేనివారు ఆ పేరు పెట్టుకోవడం నేరం. అందరికీ తప్పనిసరి రాతపరీక్ష ఉండదు. మీ చదువును, అనుభవాన్ని వాళ్ల ప్రావీణ్య ప్రమాణాలతో పోల్చి చూస్తారు. చదువులో లోటు కనబడితే ఆ తరువాతి ఉద్యోగానుభవంతో దాన్ని పూడ్చుకునే అవకాశం ఇస్తారు. మన పట్టభద్రుల్లో మూడు నాలుగేళ్లు ఆసుపత్రిలో పనిచేసినవారికి ఇది పెద్ద వెసులుబాటు. అప్పటికీ లోటు మిగిలితే పర్యవేక్షణలో కొంతకాలం పనిచేయమనో, పరీక్ష రాయమనో అడుగుతారు. ఐర్లాండ్‌లో కోరు అనే సంస్థ, న్యూజిలాండ్‌లో అక్కడి ఫిజియోథెరపీ బోర్డు కూడా ప్రధానంగా కాగితాల పరిశీలన మీదే ఆధారపడతాయి.

కెనడాలో సి.ఎ.పి.ఆర్. అనే సమాఖ్య ముందు మీ అర్హతలను పరిశీలిస్తుంది. ఆ తరువాత పరీక్ష, ఆపైన మీరు ఉండబోయే రాష్ట్రపు కాలేజీలో రిజిస్ట్రేషన్ ఉంటాయి. ఇక్కడ కాలేజీ అంటే చదువు చెప్పే కాలేజీ కాదు, నియంత్రణ సంస్థ. క్యూబెక్ దారి వేరు, దానికి ఫ్రెంచి కూడా కావాలి. ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియన్ ఫిజియోథెరపీ కౌన్సిల్ మూడు దశల్లో చూస్తుంది: అర్హత పరిశీలన, రాతపరీక్ష, క్లినికల్ పరీక్ష. ఆ తరువాత ఆప్రా, అంటే అక్కడి ఆరోగ్య వృత్తులవారిని నమోదు చేసే సంస్థ, ద్వారా రిజిస్ట్రేషన్ వస్తుంది. నైపుణ్య వలస వీసాకు కావలసిన మదింపు కూడా అదే కౌన్సిల్ చేస్తుంది కాబట్టి అక్కడ రెండు దారులూ కొంత దూరం కలిసి నడుస్తాయి.

అమెరికా దారి అన్నింటికంటే పొడవైనది. అక్కడ ఈ వృత్తిలో ప్రవేశానికి డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ అనే డిగ్రీ కావాలి. మన నాలుగున్నరేళ్ల బి.పి.టి.ని ఎఫ్.సి.సి.పి.టి. వంటి సంస్థ సబ్జెక్టు సబ్జెక్టుగా విడదీసి క్రెడిట్ల లెక్కలో తూకం వేస్తుంది. తగ్గిన క్రెడిట్లను అదనపు కోర్సులు చదివి నింపుకోవలసి వస్తుంది. ఆ తరువాత ఎన్.పి.టి.ఇ. అనే జాతీయ పరీక్షలో 200 నుంచి 800 వరకు ఉండే స్కేలు మీద 600 స్కోరు తెచ్చుకోవాలి. లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, వలసకు వేరే ధ్రువపత్రం కావాలి. ఇంత శ్రమకు ప్రతిఫలంగా ఒక సౌలభ్యం ఉంది: అక్కడి కార్మిక శాఖ కొరత వృత్తులుగా ముందే నిర్ణయించిన షెడ్యూల్ ఎ జాబితాలో నర్సులతో పాటు ఫిజికల్ థెరపిస్టులు కూడా ఉన్నారు కాబట్టి, గ్రీన్ కార్డు దరఖాస్తులో ఒక పెద్ద మెట్టు తగ్గుతుంది.

గల్ఫ్ దేశాల పద్ధతి వేరు. డేటాఫ్లో వంటి సంస్థ మీ కాగితాలను నేరుగా కాలేజీతో, ఆసుపత్రితో సరిచూసుకుంటుంది, ఆపైన కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. చదువు అయ్యాక వచ్చిన అనుభవానికి అక్కడ విలువ ఎక్కువ.

ఎం.ఎస్‌సి. సీటు తీసుకునే ముందు

ఈ విషయాన్ని విడిగా చెప్పక తప్పదు, ఎందుకంటే బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీలకు వెళ్లే పిల్లల్లో చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. బ్రిటన్‌లో ఫిజియోథెరపీ ఎం.ఎస్‌సి.లు రెండు రకాలు. ఒకటి ప్రీ-రిజిస్ట్రేషన్ కోర్సు: వేరే డిగ్రీ చదివినవారిని ఫిజియోథెరపిస్టులుగా తయారుచేసేది, హెచ్.సి.పి.సి. ఆమోదం ఉన్నది. అది పూర్తి చేస్తే రిజిస్టర్‌కు దరఖాస్తు చేసుకునే అర్హత వస్తుంది. రెండోది అడ్వాన్స్‌డ్ అనో, మస్క్యులోస్కెలెటల్ (ఎముకలు, కండరాలు, కీళ్లకు సంబంధించినది) అనో, స్పోర్ట్స్ అనో పేరున్న కోర్సు: ఇప్పటికే ఫిజియోథెరపిస్టులైనవారికి ఉద్దేశించినది. మన బి.పి.టి. విద్యార్థులకు సులభంగా సీటు దొరికేది ఈ రెండోదే. అది ఎంత మంచి విశ్వవిద్యాలయంలో చదివినా దానివల్ల రిజిస్ట్రేషన్ రాదు, మీ బి.పి.టి.తోనే విడిగా హెచ్.సి.పి.సి.కి దరఖాస్తు చేసుకోవాలి. అప్పు చేసి ఫీజు కట్టే ముందు హెచ్.సి.పి.సి. వెబ్‌సైట్‌లో ఉన్న ఆమోదిత కోర్సుల జాబితా తెరిచి, మీ కోర్సు పేరు అందులో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. జాబితాలో లేకపోతే ఆ కోర్సు చదవకూడదని కాదు. రిజిస్ట్రేషన్ కాగితాలను చదువుతో పాటు, వీలైతే ఊరు వదిలే ముందే మొదలుపెట్టాలని అర్థం.

కాగితాలు: విశ్వవిద్యాలయం నుంచి, కాలేజీ నుంచి

మన ప్రాంతపు ఫిజియోథెరపీ కాలేజీల్లో ఎక్కువ భాగం విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. డిగ్రీ, మార్కుల మెమోలు, ట్రాన్స్‌క్రిప్టు (అన్ని సంవత్సరాల సబ్జెక్టులు, మార్కులు ఒకేచోట చూపే అధికారిక పత్రం) అక్కడి నుంచి రావాలి. క్లినికల్ శిక్షణ వివరాలు, ఇంటర్న్‌షిప్ పూర్తయినట్లు ధ్రువపత్రం, బోధనా భాష ఇంగ్లీషేనన్న లేఖ కాలేజీ నుంచి రావాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో కాలం వెళ్లదీస్తున్నవారు ముందు ఒరిజినల్ డిగ్రీకి దరఖాస్తు పెట్టుకోండి.

విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్ ఆరోగ్య విశ్వవిద్యాలయంగా మారి, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. ఆ మధ్యకాలంలో చదివినవారి మెమోల్లో ఒక పేరు, డిగ్రీలో మరొక పేరు ఉండవచ్చు. రాష్ట్ర విభజనకు ముందు తెలంగాణ ప్రాంతపు కాలేజీల్లో చదివినవారికి కూడా ఇలాంటి చిక్కే: అప్పటి డిగ్రీ విజయవాడ విశ్వవిద్యాలయానిది, ఇప్పుడు ఆ కాలేజీ వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం కింద ఉంటుంది. మనకిది అందరికీ తెలిసిన సంగతే గాని, లండన్‌లోనో టొరంటోలోనో ఫైలు చూసే అధికారికి రెండు పేర్లూ రెండు వేర్వేరు సంస్థలుగా కనిపిస్తాయి. పేరు మారిన సంగతి తెలిపే లేఖను రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ముందే తీసుకుని ఫైలులో పెట్టండి.

మీ సొంత పేరు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, పాస్‌పోర్టులో అదే వెనకకు పోతుంది, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుంది. అన్నింటిలోనూ ఉన్నది ఒకే వ్యక్తి అని తెలిపే అఫిడవిట్‌ను నోటరీ దగ్గర చేయించి, వివాహ ధ్రువపత్రం జతచేయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవడం మేలు. ఒకసారి దరఖాస్తు ఒక పేరుతో నమోదయ్యాక పాస్‌పోర్టు మారిస్తే, భాషా పరీక్ష స్కోరు నుంచి పోలీసు క్లియరెన్సు దాకా అన్నింటినీ మళ్లీ జతపరచుకోవలసి వస్తుంది.

చాలా నియంత్రణ సంస్థలు కొన్ని పత్రాలను మీ చేతి నుంచి తీసుకోవు. విశ్వవిద్యాలయమే సీలు చేసిన కవరులో పంపాలి, లేదా తన అధికారిక ఈమెయిల్ నుంచి పంపాలి. కాలేజీ ప్రిన్సిపాల్ సొంత జీమెయిల్ ఖాతా నుంచి పంపిన పత్రాన్ని పక్కన పెట్టేస్తారు. కాబట్టి మీ కాలేజీకి సొంత వెబ్‌సైట్ పేరు మీద ఈమెయిల్ ఉందో లేదో కనుక్కోండి. కవరు పంపించాక కొరియర్ రసీదు ఫొటో తీసి పెట్టుకోండి.

అపోస్టిల్, అటెస్టేషన్‌ల సంగతి, అంటే మీ పత్రాలు అసలువేనని ప్రభుత్వం వేసే ముద్రల సంగతి, దేశాన్ని బట్టి మారుతుంది. అపోస్టిల్‌ను పరస్పరం గుర్తించే హేగ్ ఒప్పందంలో భారతదేశం 2005 నుంచి ఉంది కనుక ఆ ఒప్పంద దేశాలకు విదేశాంగ శాఖ అపోస్టిల్ సరిపోతుంది, యు.ఎ.ఇ. వంటి చోట్లకు ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా కావాలి. అడగని ముద్రల కోసం ఏజెంట్లకు డబ్బు పోయవద్దు.

మరొక చిక్కు ప్రశ్న: మీ దేశంలో మీ రిజిస్ట్రేషన్ ఏది, సత్ప్రవర్తన ధ్రువపత్రం ఏది అని అడుగుతారు. ఫిజియోథెరపీకి దేశమంతటికీ వర్తించే చట్టం మనకు 2021లో గాని రాలేదు. అంతకుముందు ఢిల్లీ, మహారాష్ట్ర వంటి కొన్ని రాష్ట్రాలకే సొంత మండళ్లు ఉండేవి. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ వృత్తి సంఘమే గాని చట్టబద్ధమైన నియంత్రణ సంస్థ కాదు. అందులో సభ్యత్వం ఉంటే సభ్యత్వమనే రాయండి, లైసెన్సు అని రాయకండి. ఏ ప్రభుత్వ రిజిస్టర్‌లోనైనా మీ పేరు ఉంటే అక్కడి పత్రం తెప్పించండి, లేకపోతే పరిస్థితిని ఉన్నదున్నట్టు ఒక పేజీలో వివరించండి. నిజం రాసినందుకు ఎవరూ తిరస్కరించరు, ఒకదాన్ని మరొకటిగా చూపిస్తే మాత్రం అబద్ధం కింద జమకడతారు.

సిలబస్, క్లినికల్ గంటలు: అసలు బలం ఇక్కడే

గుర్తింపు ఇచ్చేది డిగ్రీ పేరు చూసి కాదు, ఆ డిగ్రీలో మీరు ఏం నేర్చుకున్నారో, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారో చూసి. రెండు కాలేజీల నుంచి ఒకే మార్కులతో బయటికొచ్చిన ఇద్దరిలో ఒకరి దరఖాస్తు నెగ్గి, మరొకరిది నిలిచిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

మీరు చేరిన సంవత్సరానికి వర్తించిన సిలబస్‌ను సంపాదించండి. ఇప్పుడున్న సిలబస్ కాదు. ప్రతి సబ్జెక్టుకు థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు అందులో ఉండాలి. ప్రతి పేజీ మీద ముద్ర ఉండాలి. బ్రోడీపేట జిరాక్సు షాపులో దొరికే స్పైరల్ బైండింగ్ కాపీ మీరు చదువుకోవడానికి పనికొస్తుందే గాని, ముద్ర లేనిదే సాక్ష్యంగా పనికిరాదు.

తరువాత క్లినికల్ గంటలు. కెనడా విశ్వవిద్యాలయాల్లో ఫిజియోథెరపీ విద్యార్థి 1,025 గంటల క్లినికల్ శిక్షణ పొందుతాడు. బ్రిటన్‌లో 1,000 గంటలు కొలమానం. మీ ఆరునెలల ఇంటర్న్‌షిప్‌ను ఈ లెక్కలో పెట్టి చూడండి. వారానికి 6 రోజులు, రోజుకు 7 గంటల చొప్పున 26 వారాలంటే 1,092 గంటలు. మూడో, నాలుగో సంవత్సరాల్లో వార్డుకు వెళ్లిన గంటలు దీనికి అదనం. అంటే మన పట్టభద్రుల దగ్గర గంటలకు కొరత లేదు, రాసిపెట్టిన గంటలకే కొరత. ఇంటర్న్‌షిప్ పూర్తి చేశారని ఒక్క వాక్యంలో ఇచ్చే సర్టిఫికెట్ వల్ల ఆ 1,092 గంటలూ లెక్కలోకి రాకుండా పోతాయి.

అందుచేత కాలేజీని అడగవలసింది విభాగాల వారీ పట్టిక. మస్క్యులోస్కెలెటల్, న్యూరాలజీ (మెదడు, నరాలు), కార్డియోరెస్పిరేటరీ (గుండె, ఊపిరితిత్తులు) అనే మూడు ప్రధాన విభాగాలూ విడివిడిగా కనిపించాలి. పిల్లల చికిత్స, వృద్ధుల చికిత్స, కమ్యూనిటీ పోస్టింగు ఉంటే వాటినీ చేర్చాలి. ఒక వరుస ఎలా ఉండాలంటే: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ ఆసుపత్రి, ఏ వార్డు, మొత్తం గంటలు, పర్యవేక్షించినవారి పేరు, హోదా, చూసిన కేసులు. న్యూరో పోస్టింగు అని ఊరుకోకుండా, పక్షవాతం వచ్చిన మొదటి వారంలో ఉన్న రోగులకు మంచం మీద పొజిషనింగ్, కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నడక శిక్షణ చేయించినట్లు రాయాలి. కార్డియో అని వదిలేయకుండా, బైపాస్ ఆపరేషన్ తరువాత రెండో రోజు శ్వాస వ్యాయామాలు, కఫం తీయించడం, మొదటిసారి నడిపించడం అని రాయాలి. మన కాగితాల్లో అన్నింటికంటే బలహీనంగా కనిపించేది కార్డియోరెస్పిరేటరీ. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులు, మెడ నొప్పులు చూసిన అనుభవం అందరికీ ఉంటుంది, ఐ.సి.యు.లో వెంటిలేటర్ పక్కన నిలబడిన అనుభవం కొందరికే ఉంటుంది. ఇంకా ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవారైతే గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో ఆ పోస్టింగును అడిగి మరీ వేయించుకోండి.

ఈ పట్టికను మీరే తయారుచేసి, మీ లాగ్‌బుక్ పక్కన పెట్టుకుని ప్రిన్సిపాల్ గారికి చూపించండి. ‘మీ దగ్గర ఉన్న హాజరు రిజిస్టర్‌తో సరిచూసి సంతకం పెట్టండి సార్’ అని అడిగితే పని జరుగుతుంది. ఖాళీ ఫారం ఇచ్చి నింపమంటే నెలల తరబడి బల్ల మీదే ఉంటుంది. చేయని గంటలు మాత్రం ఒక్కటి కూడా చేర్చవద్దు. పరిశీలకులు కాలేజీకి ఫోన్ చేసి అడుగుతారు, ఒక్క అంకె తేడా వచ్చినా ఫైలు మొత్తాన్ని అనుమానంతో చూస్తారు.

ఇంగ్లీషు పరీక్ష

ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అకడమిక్‌లో బ్రిటన్ నియంత్రణ సంస్థ మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా అడుగుతుంది. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి కాగితాలు సగం చేతికి వచ్చాక పరీక్ష రాయండి, ముందే రాసి గడువు వృథా చేసుకోకండి. ఆస్ట్రేలియాకు వెళ్లేవారు ఓ.ఇ.టి. అనే, ఆరోగ్య వృత్తులవారి కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష గురించి ఆలోచించండి. అందులో రాయడం, మాట్లాడటం విభాగాల్లో ఫిజియోథెరపీకి విడిగా ప్రశ్నపత్రం ఉంది. రాయవలసినది వ్యాసం కాదు, రోగిని మరొకరికి అప్పగిస్తూ రాసే లేఖ. వృత్తిలో ఉన్నవారికి అది దగ్గరి పని.

పరీక్షకు సిద్ధపడటం

కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా పరీక్షలను మన యూనివర్సిటీ పరీక్షల్లా చదివితే ఫలితం ఉండదు. ఇక్కడ షార్ట్ వేవ్ డయాథెర్మీ (లోపలి కండరాలకు వేడి పుట్టించే యంత్ర చికిత్స) ఉపయోగాలు, నిషేధాలు పది పాయింట్లు రాస్తే మార్కులు వస్తాయి. అక్కడ రోగిని మీ ముందు పెట్టి, ముందుగా ఏం చేస్తారని అడుగుతారు. ఉదాహరణకు, నడుము నొప్పితో 45 ఏళ్ల వ్యక్తి వచ్చాడు. రెండు రోజులుగా తొడల మధ్య తిమ్మిరి, మూత్రం సరిగా రావడం లేదు. ఇచ్చిన నాలుగు సమాధానాల్లో ట్రాక్షన్ (నడుమును లాగిపట్టే చికిత్స) ఉంటుంది, ఐ.ఎఫ్.టి. (నొప్పికి ఇచ్చే విద్యుత్ చికిత్స) ఉంటుంది, వ్యాయామాలు ఉంటాయి, వెంటనే అత్యవసర విభాగానికి పంపడం ఉంటుంది. నాలుగోదే సరైనది, ఎందుకంటే అది వెన్ను చివరి నరాల కట్ట నలిగిపోతున్నదనడానికి గుర్తు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో రోగి డాక్టరు చీటీ లేకుండానే నేరుగా ఫిజియోథెరపిస్టు దగ్గరికి రాగలడు కాబట్టి, ప్రమాద సంకేతాలను గుర్తుపట్టే బాధ్యత మీ మీద ఉంటుంది. ప్రతి రోగిని తాకే ముందు అనుమతి అడగడం, చేయబోయేది వివరించడం, నోట్సు రాయడం కూడా క్లినికల్ పరీక్షలో మార్కులున్న పనులే. రోజుకు 30 మందిని చూసే క్లినిక్‌లో వీటికి తీరిక దొరకదు. రోజుకు ఇద్దరు రోగుల దగ్గరైనా పూర్తి పద్ధతిలో చేసి అలవాటు చేసుకోండి.

పాత ప్రశ్నలు అమ్ముతామనేవారి జోలికి వెళ్లకండి. 2010లో అమెరికా పరీక్ష ప్రశ్నలు బయటికి పొక్కాయన్న కారణంతో భారత్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్టు దేశాల కాలేజీల్లో చదివినవారందరికీ ఆ పరీక్షను నిలిపివేశారు. తరువాత కొంతకాలం వారికోసం వేరే పరీక్ష పెట్టారు. ఏ తప్పూ చేయని వేలాది పట్టభద్రులకు దానివల్ల కాలం, ఉద్యోగాలు పోయాయి. పరీక్ష రాశాక ప్రశ్నలు గుర్తుచేసుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా ఆ కోవలోకే వస్తుంది.

దరఖాస్తు పంపాక

మరిన్ని వివరాలు కావాలని లేఖ వస్తే కంగారు పడకండి, అది తిరస్కరణ కాదు. ఏ ప్రమాణం దగ్గర సందేహం వచ్చిందో లేఖలోనే ఉంటుంది. ఆ ఒక్కదానికే, ఒక నిజమైన రోగి ఉదాహరణతో, పేరు బయటపెట్టకుండా, మీరు ఏం గమనించారు, ఏం నిర్ణయించారు, ఎందుకు అన్నది రాసి, పై అధికారి సంతకంతో పంపండి. కన్సల్టెన్సీ రాసిచ్చిన నమూనా సమాధానాలు ఒకే వాక్యాలతో పదిమంది ఫైళ్లలో కనిపిస్తాయి. దరఖాస్తు ఖాతా పాస్‌వర్డు, ఈమెయిల్ మీ పేరు మీదే ఉంచుకోండి; అవి ఏజెంటు చేతిలో ఉంటే గడువు ఉన్న లేఖ వచ్చిన సంగతి కూడా మీకు తెలియదు.

రిజిస్ట్రేషన్ రాకముందే అక్కడికి చేరినవారు ఫిజియోథెరపీ అసిస్టెంటు, రీహాబ్ అసిస్టెంటు ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. జీతం తక్కువే అయినా అక్కడి వార్డు భాష, నోట్సు పద్ధతి, పరికరాలు అలవాటవుతాయి, సిఫారసు లేఖ ఇచ్చేవారు దొరుకుతారు. ఆ ఉద్యోగంలో ఉండగా ఎక్కడా, ఫేస్‌బుక్‌లో కూడా, ఫిజియోథెరపిస్టునని రాసుకోకండి.

భర్త ఉద్యోగం వల్ల డిపెండెంట్ వీసా మీద వెళ్లే ఆడపిల్లలకు ఇంకొక మాట. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక వృత్తికి దూరమైన ఏళ్లను నియంత్రణ సంస్థలు తప్పకుండా లెక్కిస్తాయి, ఈమధ్యకాలపు అనుభవం ఎక్కడిదని అడుగుతాయి. వెళ్లడానికి ఇంకా ఏడాది ఉన్నా సరే, దగ్గర్లోని క్లినిక్‌లోనో ఆసుపత్రిలోనో పూట పనికైనా చేరి, నియామక పత్రం, జీతం బ్యాంకులో పడినట్లు ఆధారం, పనివేళలతో కూడిన అనుభవ ధ్రువపత్రం తీసుకోండి. చేతికి నగదు ఇచ్చే చోట ఎన్నేళ్లు పనిచేసినా నిరూపించడం కష్టం. నెలకు తక్కువ వచ్చినా బ్యాంకు ద్వారా ఇచ్చే చోటునే ఎంచుకోండి.